మా మీటరు 142, ప్రభుత్వ స్టేషను 87: గాలి విషయంలో ఎవరి లెక్క నమ్మాలి?

కాప్రా_సుజాత
అందరికీ నమస్తే. కొత్త మెంబర్ని. మేముండేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు, మూడో అంతస్తు. నాన్నగారికి 74 ఏళ్ళు, సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలపు జబ్బు) ఉంది. ఈ చలికాలం మొదలయ్యాక ఇప్పటికే రెండుసార్లు నెబ్యులైజరు పెట్టాల్సి వచ్చింది. "గాలి బాగోలేని రోజు వాకింగ్ వద్దు" అన్నారు డాక్టరు గారు. బాగోలేదని మనకెలా తెలుస్తుంది? తమ్ముడు అరచేతిలో పట్టేంత మీటరు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి పెట్టాడు.

ఇవాళ పొద్దున ఆరున్నరకి మీటరు నారింజ రంగులో 142 చూపించింది. అదే టైముకి ఫోన్లో కేంద్ర కాలుష్య బోర్డు వాళ్ళ సమీర్ యాప్ తెరిస్తే మా దగ్గరి స్టేషను 87, ఆకుపచ్చ రంగు, పక్కన "సంతృప్తికరం" అని మాట. బాల్కనీ గ్రిల్ మీద వేలితో గీస్తే నల్లగా గీత పడింది. మొన్ననే తుడిచాను దాన్ని. నాన్నగారు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి "ఏమంటోందమ్మా నీ డబ్బా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

చింతల్_చిన్నోడు
మేడమ్, ఢిల్లీ వాళ్ళు 142 చూస్తే స్వీట్లు పంచుకుంటారు. చలికాలం అన్నాక ఆ మాత్రం ఉంటుంది. మీటరు అమ్మేసి నాన్నగారికి మిరియాల కషాయం పెట్టండి.

లెక్కల_మాస్టారు
సుజాత గారూ, మీటరు సెట్టింగుల్లోకి వెళ్ళి చూడండి. ఏ దేశపు ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అని ఉంది? అమెరికాది అయితే మీ రెండు అంకెలకీ తగువే లేదు. ఎందుకో చెప్తాను.

ఏక్యూఐ అనేది కొలత కాదు, కొలతకి వేసిన మార్కు. అసలు కొలత ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందన్నది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఇవి కంటికి ఆనవు. మీ గాలిలో అవి 52 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. మన దేశపు పట్టికలో 31 నుంచి 60 దాకా ఉన్న ధూళికి 51 నుంచి 100 మార్కులు. 52కి లెక్క కడితే 87 దగ్గర వస్తుంది. అమెరికా పట్టికలో 35.5 నుంచి 55.4 దాకా 101 నుంచి 150 మార్కులు. అదే 52కి అక్కడ 142 వస్తుంది.

ఒకే జవాబు పేపరు, దిద్దిన మాస్టార్లు ఇద్దరు. ఒకాయన చేయి ధారాళం.

కాప్రా_సుజాత
చూశాను సార్. అమెరికాదే! మార్చగానే 90 దగ్గరికొచ్చింది. ఇన్ని రోజులూ అనవసరంగా టెన్షన్ పడ్డానా?

లెక్కల_మాస్టారు
పూర్తిగా అనవసరం అననమ్మా. మన చేయి ధారాళం అన్నాను కదా. 2009లో పెట్టుకున్న మన జాతీయ ప్రమాణం పీఎం 2.5కి రోజు సగటు 60, ఏడాది సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది రోజుకి 15, ఏడాదికి 5. కాబట్టి 52 మైక్రోగ్రాములని "సంతృప్తికరం" అన్నప్పుడు ఎవరి సంతృప్తి అని అడగొచ్చు. మీ నాన్నగారి ఊపిరితిత్తులకి ఏ పట్టికా తెలియదు.

ఇంకో సంగతి. స్టేషను చూపించే ఏక్యూఐ గడిచిన 24 గంటల సగటు మీద కట్టింది. ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 8 గంటల సగటు. మీ మీటరు చూపించేది ఈ నిమిషం. ఆరున్నరకి వాకింగ్‌కి పోవాలా వద్దా అన్నదానికి నిన్న సాయంత్రం గాలిని కూడా కలుపుకున్న సగటు పెద్దగా పనికిరాదు. అలాగని ఒక్క నిమిషం రీడింగు పట్టుకుని ఊళ్ళో గాలి పాడైపోయిందనడమూ తప్పే.

రిసెర్చ్_రమ్య
మాస్టారు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఏక్యూఐలో ఎనిమిది కాలుష్యాలు ఉంటాయి. ఒక్కోదానికి విడివిడిగా మార్కు వేసి, అందులో ఏది ఎక్కువో దాన్నే ఆ రోజు అంకెగా చూపిస్తారు. సగటు తీయరు. మన ఊళ్ళో చాలా రోజులు ఆ పెద్ద మార్కు తెచ్చుకునేది పీఎం 10, అంటే కాస్త దొడ్డు ధూళి. అంకె కింద ఏ కాలుష్యం పేరుందో కూడా చూడండి.

సుజాత గారూ, పొద్దున ఆరున్నర అన్నారు. మంచు పట్టి ఉందా అప్పుడు?

కాప్రా_సుజాత
అవునండీ, ఎదురింటి ట్యాంకు కూడా సరిగా కనబడలేదు.

రిసెర్చ్_రమ్య
అయితే ఆ అంకెలో కొంత నీరు ఉండొచ్చు. ఈ చిన్న మీటర్లలో ధూళిని తూచే ఏర్పాటు ఉండదు. లోపల బుల్లి లేజరు, బుల్లి ఫ్యాను. గాలి లేజరు ముందు నుంచి పోతుంటే చెదిరిన వెలుతురుని బట్టి ధూళి ఇంత అని అంచనా వేస్తుంది. గాలిలో తేమ 70, 80 శాతం దాటితే రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువుని చూసి మీటరు "అబ్బో పెద్ద ధూళి" అనుకుంటుంది. ప్రభుత్వ స్టేషన్లలో బీటా కిరణాలతో కొలిచే యంత్రాలుంటాయి. లోపలికొచ్చే గాలిని ముందు కాస్త వేడిచేసి తేమ తగ్గిస్తారు. ఆ తర్వాత టేపు మీద పడిన ధూళి మచ్చ గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికొస్తున్నాయో చూసి బరువు కడతారు.

మీటరు దండగ అనడం లేదు. నిన్నటికంటే ఇవాళ ఎలా ఉంది, ఏ గంటకి పెరుగుతోంది అన్నవి బాగానే పట్టిస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే మాత్రం దాన్ని నమ్ముకోకండి.

పాత_ఫిల్టర్‌పేపర్
ఈ మాటలు వింటుంటే చేతులు ఊరుకోవడం లేదు. ఈ యంత్రాలు రాకముందు నేను ఒక ప్రైవేటు ల్యాబులో ఫీల్డ్ అసిస్టెంటుని. ఊళ్ళో మేడల మీద శాంప్లర్లు ఉండేవి. కుక్కల బోను అంత అల్యూమినియం పెట్టె, పైన పెంకుటింటి కప్పులా మూత. ఆన్ చేస్తే పిండిమిల్లు చప్పుడు. కింది ఇళ్ళవాళ్ళు తిట్టేవాళ్ళు.

పని ఏంటంటే, ఎనిమిది గంటలకోసారి ఫిల్టర్ పేపరు మార్చాలి. తెల్లటి గాజునార పేపరు, ఏ4 కంటే కొంచెం చిన్నది. వేళ్ళు తగలకూడదు, అంచులు పట్టుకుని మడిచి కవర్లో పెట్టాలి. ల్యాబులో ఒక రోజంతా తేమ లేని పెట్టెలో ఉంచి తూచేవాళ్ళం. పెట్టకముందు బరువు, తీశాక బరువు, ఆ తేడానే ధూళి. శాంప్లర్ నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది, అంటే ఎనిమిది గంటల్లో 500 పైచిలుకు. గాలిలో పీఎం 10 వంద మైక్రోగ్రాములుంటే పేపరు మీద పడేది సుమారు 53 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఆ మాత్రం దానికి పేపరు పాల తెలుపు నుంచి సిమెంటు రంగుకి తిరిగేది. ట్రాఫిక్ కూడలి పేపరు నల్లగా, మట్టిరోడ్డు పక్కది గోధుమరంగులో వచ్చేది. చీటీ చూడకుండా పేపరు ఎక్కడిదో చెప్పేసేవాడిని.

కరెంటు పోయిందంటే ఆ షిఫ్టు గోవిందా. వాన పడితే పేపరు తడిసేది. ఇవన్నీ రిజిస్టర్లో రాసేవాళ్ళం. పైన రిపోర్టులో మాత్రం ఒక్క అంకె కనబడేది.

లెక్కల_మాస్టారు
అన్నా, మీరు బంగారం లాంటి మాట చెప్పారు. ఆ మాన్యువల్ స్టేషన్లలో వారానికి రెండు రోజులే కొలుస్తారు, ఏడాదికి 104 రోజులు. ఆ 104 రోజుల సగటే ఏడాది సగటు అవుతుంది. రోజులు అన్ని నెలలకీ సమంగా పడితే ఇది తప్పేం కాదు. కానీ చలికాలంలో యంత్రం చెడిపోయి, ఆగస్టులో చక్కగా నడిస్తే? వాన కడిగిన గాలి ఎక్కువ లెక్కలోకొచ్చి, ఊరు శుభ్రమైనట్టు కనబడుతుంది. సగటు అడిగే ముందు ఎన్ని రోజులు కొలిచారు, ఏ నెలలు పోయాయి అని అడగాలి. మా క్లాసులో పిల్లలకి ఇదే చెప్పేవాణ్ణి. ఇంటికి రాని అతిథుల్ని లెక్కపెట్టకుండా అన్నం సరిపోయిందనకూడదని.

చింతల్_చిన్నోడు
సరే సార్లూ, ఒప్పుకున్నా. కానీ ఊరంతటికీ స్టేషన్లు ఎన్నున్నాయి? మా చింతల్లో ఎప్పుడూ కనబడలేదు.

ఫైలు_నంబరు
ఆటోమేటిక్ స్టేషన్లు మొదట్లో ఆరే. సనత్‌నగర్, జూపార్కు, సెంట్రల్ యూనివర్సిటీ, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్. తర్వాత సోమాజిగూడ, న్యూ మలక్‌పేట, నాచారం, ఈసీఐఎల్ కాప్రా, కొంపల్లి, రామచంద్రాపురం, కోకాపేట, కంది ఐఐటీ చేర్చారు. మొత్తం 14. ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు పొడవే 158 కిలోమీటర్లు, దాని లోపలా బయటా కలిపి ఈ 14. చింతల్‌కి దగ్గరివాటిలో కొంపల్లిది ఒకటి.

పేరు ఫైలు నంబరు అని పెట్టుకున్నా గానీ నేను రిటైరై ఆరేళ్ళయింది, ఏ ఫైలూ నా దగ్గర లేదు. అడగకండి.

నరేశ్_ఆటో
నేను 19 ఏండ్ల సంది ఆటో నడుపుతున్న. మీ మీటర్లు, పేపర్లు నాకు తెల్వదు. ప్యారడైజ్ కాడ సిగ్నల్ పడితే ముందల లారీ పొగ నా మొకం మీదనే. కార్లోళ్ళు అద్దాలు ఎక్కిస్తరు, నాకు అద్దాలు యాడియి? పొద్దుమీకి ఇంటికి పోయి ముక్కు కడుక్కుంటే నీళ్ళు నల్లగ వస్తయి. కర్చీఫ్ రోజూ ఉతకాలె.

మాది గ్యాసు ఆటో. అయినా పొగ అంటే జనం ముందు ఆటోనే అంటరు. ఎలక్ట్రిక్ కొనుమంటున్నరు, టాక్స్ లేదంట. కిస్తీ ఎవలు కడ్తరు?

ఫైలు_నంబరు
నరేశ్ అన్నా, టాక్స్ లేని మాట నిజమే. 2024 నవంబరు పాలసీలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు, 2026 డిసెంబరు 31 దాకా. కిస్తీ సంగతి పాలసీలో లేదు. మీరడిగింది న్యాయమే.

రిసెర్చ్_రమ్య
నరేశ్ గారి కర్చీఫ్ మీద మచ్చ ఎక్కడిదో తేల్చే పద్ధతి ఒకటుంది. ధూళిని ఫిల్టర్ మీద పట్టి, అందులో ఏ మూలకాలున్నాయో చూస్తారు. మట్టి ధూళి అయితే సిలికాన్, అల్యూమినియం ఎక్కువ. చెత్త, కట్టెలు కాలితే పొటాషియం కనబడుతుంది. డీజిల్ అయితే మసి. ఒక్కో వనరుకీ ఒక్కో ముద్ర. ఆ ముద్రల్ని గాలిలో దొరికిన కలగాపులగంతో సరిపోల్చి, ఎవరి వాటా ఎంతని లెక్క తీస్తారు.

సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో మన ఊళ్ళో ఇది చేశారు. మూడు చోట్ల, మూడు సీజన్లలో 180 శాంపిళ్ళు. పీఎం 10లో 60 శాతానికి పైగా వాహనాల పొగ, రోడ్డు ధూళే అని తేలింది. పీఎం 2.5 దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. వాహనాల పొగతోపాటు ఫ్యాక్టరీల బొగ్గు, చెత్త కాల్చడం, గాలిలోనే వాయువులు కలిసి పుట్టే రేణువులు అన్నీ వాటాదారులే. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేది ఈ రెండోదే.

ఫైలు_నంబరు
ఇక్కడే నా కడుపుమంట. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పెట్టింది. 2017తో పోలిస్తే 2024కల్లా ధూళి 20 నుంచి 30 శాతం తగ్గాలన్నారు. తర్వాత దాన్ని 2025-26కల్లా 40 శాతం చేశారు. జాబితాలో 131 ఊళ్ళు, మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. బాగుంది. కానీ మార్కులు వేసేది పీఎం 10 మీద! దొడ్డు ధూళి తగ్గిస్తే డబ్బులొస్తాయి. మరి ఎవరైనా ఏం చేస్తారు? ఊడ్చే మిషన్లు, నీళ్ళు చిమ్మే ఫిరంగులు కొంటారు. ఫొటోకి కూడా బాగుంటాయి. సీఎస్‌ఈ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 2024లో లెక్క తీస్తే, దేశం మొత్తం మీద ఈ నిధుల్లో 64 శాతం రోడ్డు ధూళికే పోయింది. పరిశ్రమల కాలుష్యానికి 0.61 శాతం. ఒక్క శాతం కూడా కాదండీ.

ఇంకోటి. ఏక్యూఐ 200 లోపు ఉన్న రోజుని "మంచి రోజు" కింద లెక్కేస్తారు. అదే ఏక్యూఐ పట్టికలో 150 అంటే ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇబ్బంది అని రాసుంటుంది. సుజాత గారి నాన్నగారు నెబ్యులైజరు పెట్టుకున్న రోజు కూడా మంచి రోజే అయ్యుంటుంది.

సైటు_ఇంజినీరు
అందరూ ఏదో ఒకటి అంటున్నారు, మా వైపు మాట కూడా వినండి. ఊళ్ళో ధూళి అనగానే కన్‌స్ట్రక్షన్ మీద పడతారు. 2018 జనవరిలో కేంద్రం రూల్సు నోటిఫై చేసింది. సైటు చుట్టూ గోడ కట్టాలి, ఇసుక, మట్టి కప్పాలి, కప్పకుండా లోడు బండి రోడ్డెక్కకూడదు, రాయి బయట కోయకూడదు. మేం పెద్ద సైట్లలో చేస్తాం. గేటు దగ్గర టైర్లు కడిగే గుంట కూడా పెడతాం. కానీ టిప్పరు మాది కాదు, సబ్ కాంట్రాక్టరుది. రాత్రి పదింటి తర్వాతే ఊళ్ళోకి వదుల్తారు. ట్రిప్పుకింత అని డబ్బులు. టార్పాలిన్ కట్టడానికి ఇరవై నిమిషాలు పడితే రాత్రికి ఒక ట్రిప్పు పోతుంది. వాడు కట్టడు. నేను సూపర్వైజర్ని అరుస్తా, సూపర్వైజర్ డ్రైవర్ని అరుస్తాడు. అంతే.

వీధుల్లో 150 గజాల్లో ఐదంతస్తులు లేపేవాళ్ళని ఎవరైనా అడుగుతారా? పాత ఇల్లు పడగొట్టి శిథిలాలు నాలా పక్కన పోస్తారు. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాలు పిండి చేసి మళ్ళీ వాడే ప్లాంట్లున్నాయి. అక్కడిదాకా మోసే కిరాయి ఎవరికీ ఇష్టం ఉండదు.

కాప్రా_సుజాత
సైటు ఇంజినీరు గారూ, మీరు రాత్రి పదింటి తర్వాత అన్నారు చూడండి, అది చదివి లేచి కూర్చున్నాను. మీటరు డేటా మొత్తం దించి, గంటల వారీగా పేర్చాను. 23 రోజులది. రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఒక మిట్ట. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా ఇంకో మిట్ట. మధ్యలో రెండు మూడు గంటలకి కాస్త దిగుతుంది. మధ్యాహ్నం రెండింటికి అన్నిటికంటే తక్కువ.

మా వెనక వీధిలో సెల్లారు తవ్వుతున్నారు. టిప్పర్లు రాత్రే. పొద్దున సంగతి అర్థం కాలేదు. ఇవాళ నేనే ఐదున్నరకి దిగి వెళ్ళాను. మలుపులో ఖాళీ ప్లాటు, రాలిన ఆకులు, వాటిలో ప్లాస్టిక్ కవర్లు, ఎవరో అంటించేసి వెళ్ళారు. మంట లేదు, ఊరికే కుమిలిపోతోంది. ఆ పొగ పైకి పోవడం లేదు, మోకాళ్ళ ఎత్తున వీధి వెంట పాకుతోంది. నాన్నగారు రోజూ ఆ మలుపు తిరిగే పార్కుకి వెళ్తారు.

పాత_ఫిల్టర్‌పేపర్
చలికాలం పొద్దున అంతేనమ్మా. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకుని చల్లగాలి, ఆ పైన వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. కింద పొగ కిందే. ఎండెక్కితే మూత తెరుచుకుంటుంది, పది దాటాక చూడండి. మధ్యాహ్నం తక్కువ రావడం అందుకే. అప్పుడు పొగ లేదని కాదు, పలచబడిందని.

లెక్కల_మాస్టారు
సుజాత గారూ, సగటు తీశారా, మధ్యగతం తీశారా? ఆ 23 రోజుల్లో పెళ్ళి బాణసంచా కాల్చిన రాత్రి ఒక్కటున్నా సగటుని లాక్కుపోతుంది. ఒక్కో గంటకీ ఆ 23 రీడింగుల్ని చిన్న నుంచి పెద్దకి వరస పెట్టి, పన్నెండోది తీసుకోండి.

పొద్దున మిట్టలో మంచు వాటా, మూత వాటా, ఆకుల పొగ వాటా కలిసి ఉన్నాయి. పొగ ఒక్కదాన్నే విడదీయాలంటే మంటలేని పొద్దుల్ని మంట ఉన్న పొద్దులతో పోల్చాలి. రోజూ కిటికీలోంచి చూసి ఉందా లేదా అని ఒక్క అక్షరం రాసిపెట్టండి. పెద్ద యంత్రాలు చేయలేని పని అది.

కాప్రా_సుజాత
మధ్యగతం తీశాను సార్. రాత్రి మిట్ట కొంచెం తగ్గింది, పొద్దునది అలాగే ఉంది. డైరీ మొదలుపెట్టాను. నాన్నగారికే అప్పజెప్పాను ఆ పని. "మ" అంటే మంట, "లే" అంటే లేదు.

చింతల్_చిన్నోడు
ఇదంతా చేసి లాభం ఏంటి అక్కా? ఇంత ధూళికి నిజంగా మనుషులకి ఏమవుతుందో ఎవరైనా చూశారా? మన ఊళ్ళో, మనవాళ్ళ మీద? అమెరికా కథలు కాకుండా.

రిసెర్చ్_రమ్య
చూశారు తమ్ముడూ, ఊరి పొలిమేరల్లోనే. హైదరాబాద్ శివార్లలో 29 పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకి, చిన్నపిల్లలకి పోషకాహారం మీద ఒక ట్రయల్ జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఆ పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని వదిలేయకుండా తర్వాత కూడా పరీక్షిస్తూ వచ్చారు. ఆ కుటుంబాల మీదే గాలి ప్రభావం చూశారు. 3,717 మంది ఎముకల సాంద్రత కొలిచి 2020లో ప్రచురించారు. పల్లెల్లో పీఎం 2.5 ఏడాది సగటు 32.8. గమనించు, మన 40 ప్రమాణం కంటే తక్కువే! అయినా ధూళి ఎక్కువున్న చోట వెన్నెముక, తుంటి ఎముకల్లో ఖనిజం తక్కువగా కనిపించింది. ఆ ఒక్క అధ్యయనంతో ధూళే కారణమని తేల్చలేం, సంబంధం ఉందనే చెప్పగలం. ఆ మాట వాళ్ళే రాసుకున్నారు.

ఇంకా నేరుగా కావాలంటే, 2024లో వచ్చిన పది నగరాల అధ్యయనం. హైదరాబాద్ కూడా ఉంది. 2008 నుంచి 2019 దాకా రోజువారీ మరణాల్ని రోజువారీ పీఎం 2.5తో పోల్చారు. పది మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 1.42 శాతం పెరిగాయి. పది నగరాల్లోనూ కలిపి, 15 దాటిన ధూళి ఖాతాలో పడేవి మొత్తం మరణాల్లో 7.2 శాతం.

చింతల్_చిన్నోడు
ఢిల్లీ వల్ల వచ్చిన శాతమేమో అది.

రిసెర్చ్_రమ్య
మంచి అనుమానమే. తమాషా ఏంటంటే, మొదటి పది మైక్రోగ్రాముల దెబ్బ గాలి కాస్త శుభ్రంగా ఉన్న ఊళ్ళలోనే గట్టిగా కనిపించింది. ఇప్పటికే పొగలో మునిగిన ఊళ్ళో ఇంకో పది కలిస్తే అదనపు దెబ్బ చిన్నది. "ఢిల్లీ కంటే నయం" అని మనం ఊరుకోవడానికి లేదు. తగ్గిస్తే ఎక్కువ లాభపడేది మనలాంటి ఊళ్ళే.

నరేశ్_ఆటో
మిరియాల కషాయం తమ్ముడు గమ్మున కూసున్నడు 😄

నిర్వాహకుడు
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. కషాయం గురించి వేరే చర్చ ఉంది, అక్కడికి పొండి.

ఫైలు_నంబరు
బొల్లారం, పాశమైలారం, జీడిమెట్ల వైపు రాత్రిపూట వాసన గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 1981 గాలి చట్టం ఉంది, కాలుష్య నియంత్రణ బోర్డుకి అధికారాలున్నాయి. తనిఖీ రిపోర్టు ఎవరు రాస్తారన్నదే కీలకం. గుజరాత్‌లో జరిగింది చెప్తాను, మా ఆఫీసులో ఉన్న రోజుల్లో ఇది చదివి నిద్రపట్టలేదు.

అక్కడ ఫ్యాక్టరీలు ఏటా బయటి ఆడిటరుతో పొగగొట్టం కొలిపించి రిపోర్టివ్వాలి. ఆడిటర్ని పెట్టుకునేది ఫ్యాక్టరీయే, డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికోలస్ ర్యాన్ కలిసి అక్కడి కాలుష్య బోర్డుతో 473 ఫ్యాక్టరీల్లో ప్రయోగం చేశారు. చీటీలు తీసినట్టు కొన్నిటికి ఆడిటర్ని బోర్డే వేసింది, జీతం ఉమ్మడి నిధి నుంచి, పైగా కొన్నిటిని మళ్ళీ కొలిచి సరిచూశారు. పొగగొట్టంలో ధూళి పరిమితి ఘనపు మీటరుకి 150 మిల్లీగ్రాములు. పాత పద్ధతి రిపోర్టులన్నీ 150కి కాస్త కింద గుంపు కట్టాయి! 140, 145, అలా. నిజంగా కొలిస్తే చాలామందివి పైనే. కొత్త పద్ధతిలో ఆ గుంపు చెదిరిపోయింది, ఆడిటర్లు నిజం రాశారు, ఫ్యాక్టరీలు కూడా కాలుష్యం తగ్గించాయి. కొలిచే మనిషి మారలేదు, అతనికి డబ్బిచ్చే చేయి మారింది.

తర్వాత సూరత్‌లో 2019లో ఇంకో అడుగు వేశారు. 317 ఫ్యాక్టరీలు తీసుకుని, సగానికి పైగా వాటికి ధూళి కోటా పెట్టి, మిగుల్చుకున్నవాళ్ళు తక్కువైనవాళ్ళకి అమ్ముకోవచ్చన్నారు. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. అన్నిటికీ పొగగొట్టాల్లో నిరంతరం కొలిచే మీటర్లున్నాయి కాబట్టి ఆ బేరం సాగింది.

లెక్కల_మాస్టారు
గీత కింద గుంపు కట్టడం! 35 పాసు మార్కైతే 34 వచ్చినవాళ్ళు ఎవరూ ఉండరు, 35 వాళ్ళు బోలెడుమంది. పేపర్లు దిద్దిన ఎవరికైనా తెలుసు ఇది.

సైటు_ఇంజినీరు
సుజాత గారూ, ఆ సెల్లారు సైటు నాది కాదు గానీ ఫీల్డులో తెలిసినవాళ్ళు ఉన్నారు. పేరు ఇక్కడ పెట్టను. నిన్న ఫోన్ చేసి టార్పాలిన్ మాట చెప్పాను. "ఎవరో మీటరు పెట్టి రాసుకుంటున్నారట" అన్నాను. ఆ ముక్కకి కాస్త భయపడ్డారు.

కాప్రా_సుజాత
థాంక్స్ అండీ. చెత్త మంట గురించి మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెడితే రెండు రోజుల్లో "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మర్నాడు పొద్దున యథాప్రకారం. అప్పుడు గంటల గ్రాఫు, నాన్నగారి మ-లే పేజీ రెండూ ప్రింటు తీసి నేనే వాళ్ళ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడున్న ఆయన గ్రాఫు పట్టించుకోలేదు. పేజీ మాత్రం వేలితో వరసగా లెక్కపెట్టాడు. 19 రోజుల్లో 14 "మ". "ఇది మీ నాన్నగారి రాతా?" అన్నాడు. ఆకులు తీసుకెళ్ళడానికి బండి వారానికి ఒక్కసారే వస్తోందట, అందుకే ఎవరో అంటిస్తున్నారట. మూడుసార్లు పంపిస్తానన్నాడు.

అది జరిగి 11 రోజులు. రెండు "మ" మాత్రమే. పొద్దున మిట్ట సగానికి దిగింది!

లెక్కల_మాస్టారు
శుభం. కానీ నన్ను తిట్టుకోకండి. ఈ 11 రోజుల్లో మొన్న మబ్బు పట్టి గాలి వీచింది, మా ఇంటి దగ్గర కూడా ఆకాశం తేటపడింది. దిగినదాంట్లో గాలి వాటా ఎంత, బండి వాటా ఎంత? మీ వీధి ఒక్కటే చూస్తే తేలదు. మంట సంగతి ఏమీ మారని ఇంకో వీధి కావాలి, అదే రోజుల్లో, అదే రకం మీటరుతో. అక్కడ కూడా అంతే దిగితే అది గాలి పుణ్యం. అక్కడ తక్కువ దిగి మీ దగ్గర ఎక్కువ దిగితే, ఆ తేడా బండిది.

మౌలాలి_మనోహర్
ఇన్ని రోజులూ చదువుతూ కూర్చున్నా, ఇవాళే లాగిన్ అయ్యా. మాది మౌలాలి. మా దగ్గర అదే కంపెనీ మీటరు ఉంది, ఆగస్టు నుంచి డాబా మీదే వదిలేశాను. డేటా అంతా ఉంది. మా వీధిలో ఆకుల మంట రోజూ ఉంటుంది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేదు కాబట్టి మీ లెక్కకి బాగా పనికొస్తాం!

రిసెర్చ్_రమ్య
రెండు మీటర్లూ ముందు ఒకేచోట పక్కపక్కన పెట్టి ఒక వారం చూడాలి. ఒకటి పుట్టుకతోనే ఎక్కువ చూపించే రకం అయ్యుండొచ్చు. కుదిరితే ప్రభుత్వ స్టేషను గోడ పక్కన.

మౌలాలి_మనోహర్
స్టేషను గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వడు, ఒకసారి అడిగాను. సుజాత గారి బాల్కనీలో పెడదాం. ఆదివారం పొద్దున పదింటికి తెస్తాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేనే తెస్తా.

కాప్రా_సుజాత
తప్పకుండా రండి. మూడో అంతస్తు, లిఫ్టు రిపేరులో ఉంది. నాన్నగారు మీ వీధికి కూడా మ-లే పేజీ గీసిపెట్టారు, గళ్ళు స్కేలుతో కొట్టి మరీ. అది రోజూ నింపే మనిషి మీ ఇంట్లో ఎవరున్నారని అడగమంటున్నారు.